గ్లాసు మీద మూడు దెబ్బలు

సోమవారం ఉదయం తొమ్మిదీ అయిదుకి ఎలెవుతేరియో చాసరో మూడోసారి కూడా సంతకం పెట్టనన్నాడు.

నేరం ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం స్టేషన్ బల్ల మీద ఉంది. దాని పక్కన పెన్ను, పెన్ను పక్కన ముసలాయన చేతులు. కణుపుల నుంచి మణికట్ల దాకా కాలిన మచ్చలు. ముప్పై ఎనిమిదేళ్లుగా 'లా బోయా' కఫేలో మరిగే పాలు పోస్తున్న చేతులవి. వెరాక్రూజ్ రేవులో ఆయన్ని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు. డాన్ తేయో అంటారు, అంటే తేయో గారు.

ఇన్‌స్పెక్టర్ ఆంపారో ఉత్రేరా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. హత్యల విభాగంలో ఆమెకు పందొమ్మిదేళ్ల సర్వీసు. ఈ కేసు మాత్రం ఆమెది కాదు. శనివారం పొద్దున కఫేలో కాఫీ తాగుతూ ఓ మనిషి చనిపోయిన పావుగంటకే పర్యాటక రక్షణ దళం దాన్ని లాగేసుకుంది. ఈస్టర్ సెలవుల్లో బయటి ఊరివాళ్ల మీద జరిగే ప్రతి నేరమూ తన దళానిదేనని కమాండర్ రొహేలియో అర్మెందారిస్ ముందే ఉత్తర్వు తెచ్చి పెట్టుకున్నాడు. ఆదివారం ఆంపారో ప్రాసిక్యూటర్ ఇంటి గుమ్మంలో గంటన్నర నిలబడింది. విడిగా విచారించుకోవడానికి ఆయన అనుమతి ఇచ్చాడు. గడువు మాత్రం సోమవారం పదకొండున్నర.

ఆ గడువు ఆయన పెట్టింది కాదు. తేయోని అరెస్టు చేసింది శనివారం పదకొండున్నరకి. నలభై ఎనిమిది గంటల్లోగా జడ్జి ముందు నిలబెట్టాలి. అక్కణ్నించి జైలు. అరవై మూడేళ్ల వయసులో, చక్కెర జబ్బుతో జైలుకు వెళ్లిన మనిషి విచారణ ముగిసేదాకా బతికి ఉంటాడని ఆంపారో అనుకోలేదు.

కమాండర్ రిపోర్టు మూడు పేజీలు. చనిపోయినవాడు ఫిదెన్సియో బర్రగాన్, అరవై ఒకటి, పుయెబ్లా నుంచి భార్యతో సెలవులకు వచ్చాడు. పదిహేడో నంబరు బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు. తేయో పాలు పోశాడు. ఎనిమిది నిమిషాల తర్వాత మనిషి బల్ల మీదికి ఒరిగాడు. గ్లాసులో సైనైడ్. పదకొండూ ఇరవైకి తేయో బట్టల అరలో ఓ పొట్లం దొరికింది. కారణం: బయటివాళ్ల మీద కసి. మార్చిలో ఓ సభలో 'ఈ సెలవుల జనం మమ్మల్ని మా వసారాలోంచే తోసేస్తున్నారు' అని తేయో మాట్లాడాడట.

"అన్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అంటాను" అన్నాడు తేయో. "అంతమాత్రాన విషం పోస్తానా తల్లీ? తోసేసేవాడికి కూడా పాలే పోశాను ఇన్నాళ్లూ. నేను పొయ్యని దానికి నా చేత సంతకం పెట్టించలేరు. కొట్టారు కూడా. కాలిన చేతికి దెబ్బ ఒక లెక్కా?"

కొట్టిన సంగతి, కొట్టిన సమయం ఆంపారో రాసుకుంది. తర్వాత శనివారం పదిన్నర నుంచి మొదలుపెట్టమంది.

లా బోయాలో పద్ధతి ఆమెకు చెప్పక్కర్లేదు. రేవులో పుట్టినవాళ్లకి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక వెయిటరు గ్లాసు అడుగున డికాషన్ పోసి వెళ్లిపోతాడు. పాలు కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొట్టాలి. ఆ చప్పుడు విని పాల మనిషి కెటిల్‌తో వచ్చి బారెడు ఎత్తు నుంచి పోస్తాడు. కొట్టకపోతే రాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నా రాడు.

పది ముప్పై రెండుకి పదిహేడో బల్ల నుంచి చప్పుడు వచ్చిందన్నాడు తేయో. వెళ్లి పోశాడు.

"ఎంతమంది ఉన్నారక్కడ?"

"గ్లాసులు రెండు. మనుషుల్ని లెక్కపెట్టను తల్లీ, గ్లాసుల్ని లెక్కపెడతాను."

"మొహాలు చూడలేదా?"

"మరిగే పాలు పోస్తూ మొహాలు చూస్తే ఆ మొహాలు మిగలవు."

ఆంపారో పెన్ను ఆపింది. రిపోర్టులో గ్లాసు ఒకటే. ఆ సంగతి చెబితే తేయోకి ఆశ్చర్యం కలగలేదు. దళం వాళ్లకీ రెండనే చెప్పాడట. ముసలాడికి కళ్లు కనపడవని నవ్వుకున్నారట.

"చప్పుడు ఎలా ఉంది?" అని అడిగింది.

ముసలాయన అప్పటిదాకా ముట్టుకోని పెన్ను తీసుకున్నాడు. మంచినీళ్ల గ్లాసు మీద కొట్టాడు. వెంటవెంటనే రెండు. ఊపిరి పీల్చి వదిలేంత ఆగి, ఒకటి.

"ఇంటికో చప్పుడు ఉంటుంది" అన్నాడు. "అయ్య కొట్టినట్టే కొడుకూ కొడతాడు. ఎవరూ నేర్పరు, చూసి పట్టుకుంటారు. మీ నాన్న ఒక్కటే కొట్టేవాడు, గ్లాసు పగిలేట్టు. మీరూ అంతే. వసారా ఆ చివరనుంచి మీ అలికిడి తెలుస్తుంది నాకు. ఈ రెండూ ఒకటీ నేను విన్నదే. ఇరవై ఏళ్ల కిందటి మాట. పేరు నోట్లో నానుతోంది, బయటికి రావడం లేదు. రెండ్రోజులుగా అదే పని నాకు."

ఆంపారో లేచి సార్జెంట్ బాల్దేరాస్‌ని పిలిచింది. పదిన్నరకల్లా తేయోని లా బోయాకి తీసుకురమ్మంది. రిటైరవడానికి ఏడాది ఉన్న బాల్దేరాస్ తలుపు మూసి గొంతు తగ్గించాడు. దళం సంతకం లేకుండా ఖైదీని గడప దాటిస్తే తన పింఛను కూడా దాటిపోతుందన్నాడు.

"రిజిస్టర్లో నా పేరు రాయి" అంది ఆంపారో. "చదవగలిగేట్టు రాయి."

తొమ్మిదీ యాభైకి ఆమె వసారాలో ఉంది. కఫే తెరిచే ఉంది. అరవై రెండు బల్లల్లో నిండనివి నాలుగు. సగం మంది సెలవుల జనం, తడి తలలతో, పిల్లలతో, బన్నుల పళ్లేలతో. మిగతా సగం రోజూ వచ్చేవాళ్లు: క్రేన్ల వాళ్లు, కస్టమ్స్ గుమాస్తాలు, చీట్లపేక ముసలాళ్లు. రోజూ వచ్చేవాళ్ల గ్లాసులన్నిటిలో నల్లటి డికాషన్ ఉంది. శనివారం నుంచి వాళ్లెవరూ పాలు పిలవడం లేదని వెయిటర్ మకారియో చెప్పాడు. తేయో పొయ్యని పాలు వద్దంటున్నారట. పాల కౌంటర్లో వేరే మనిషిని పెడితే అతను నిన్నంతా చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

"డికాషన్ ఊరకే మింగి, మొహం అదోలా పెట్టుకుని కూర్చుంటున్నారు ఇన్‌స్పెక్టరమ్మా" అన్నాడు మకారియో. "చూడలేకపోతున్నాను."

పదిహేడో బల్ల చివరి కమాను కింద ఉంది. చుట్టూ పసుపు పట్టీ. దాన్ని దాటి వెళ్లి ఆంపారో ముందు ఏమీ ముట్టుకోకుండా చూసింది. పాలరాతి బల్ల. చక్కెర గిన్నె. కొరికి వదిలేసిన బన్ను ఒకటి. కాగితపు నేప్కిన్‌లో చుట్టిన పొడుగు చెంచా ఒకటి. చనిపోయినవాడి గ్లాసు ప్రయోగశాలకు వెళ్లింది.

తర్వాత వంగి, రాతి మీద వెలుతురు ఏటవాలుగా పడేట్టు తల పెట్టింది. ఫిదెన్సియో కూర్చున్న వైపు పాల చార ఒకటి ఎండి ఉంది, గ్లాసు అడుగంత గుండ్రంగా. ఎదుటి కుర్చీ వైపు అలాంటిదే ఇంకొకటి. దాన్ని ఎవరో తుడిచారు. తుడిచింది సగమే.

చేతి తొడుగులు వేసుకుని చెంచా తీసింది. నేప్కిన్ మడత ఎవరూ విప్పలేదు. అంచు కాస్త తొలగించి చూస్తే లోపల చెంచా పొడిగా ఉంది. పాల మరక లేదు, కాఫీ మరక లేదు.

చెంచాలు ఎలా పెడతారని మకారియోని అడిగింది. గ్లాసుకొకటి, ఇలాగే చుట్టి పెడతామన్నాడు. శనివారం ఈ బల్లకు ఎన్ని పెట్టావంటే రెండన్నాడు. గ్లాసులూ రెండే. ఎదురుగా కూర్చున్నవాడు టోపీ, నల్ల కళ్లద్దాలు, తాటాకుల బొమ్మల చొక్కా. ఈ వారంలో అలాంటివాళ్లు వెయ్యిమంది వచ్చారు. పదీ నలభైకి తను ఈ వైపు తిరిగి చూసేసరికి అతను లేడు, అతని గ్లాసూ లేదు.

"మరి నీ వాంగ్మూలంలో ఒక గ్లాసే అని ఉంది."

మకారియో పళ్లెం దించాడు. తను రెండనే చెప్పాడు. వాళ్లు రాసి తెచ్చినదాని కింద సంతకం పెట్టాడు. కళ్లజోడు లోపల కోటు జేబులో ఉండిపోయింది. చదివి వినిపించమంటే కమాండర్ గారికి టైము లేదన్నారు.

"కమాండరే ఉన్నాడా అక్కడ?"

"ఆయనే రాశాడమ్మా."

ఆంపారో చెంచాని మళ్లీ అలాగే పెట్టింది. ఫిదెన్సియో తన చెంచా విప్పలేదు. విప్పనివాడు కొట్టలేదు. కొట్టనివాడి గ్లాసులోకి పాలు వచ్చాయి. అంటే కొట్టింది ఎదుటివాడు. కొట్టిన చెంచా, తాగిన గ్లాసు రెండూ వాడితో పోయాయి. వాడు రేవు మనిషి.

పదీ పావుకి నోయెమీ బర్రగాన్ వచ్చింది. చనిపోయిన మనిషి భార్య. యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. హోటల్ గదిలోంచి రెండ్రోజులుగా బయటికి రాలేదు. నల్ల బట్టలు తెచ్చుకోలేదు కాబట్టి, సెలవులకని కుట్టించుకున్న పూల గౌను మీద హోటల్ వాళ్ల నల్ల శాలువా కప్పుకుంది. పదహారో బల్ల దగ్గర ఆంపారో ఆమెకు కుర్చీ చూపించి, మకారియోకి సైగ చేసింది. గ్లాసులో డికాషన్ పడింది. పక్కన చుట్టిన చెంచా పెట్టారు.

ఈ ఉదయం తన ఎదుట కూర్చునే ప్రతివాళ్ల ముందూ ఒక గ్లాసు పెట్టాలని ఆంపారో అనుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నోయెమీ నిమిషం చూసింది. రెండు నిమిషాలు చూసింది. చెంచా విప్పి, చక్కెర వేసి కలిపి, మళ్లీ చుట్టూ చూసింది. నాలుగో నిమిషంలో మకారియోని కేకేసి, ఈ ఊళ్లో కాఫీకి పాలు పొయ్యరా అని అడిగింది. అనుమానితుల కాగితం మీద ఆంపారో ఆమె పేరు కొట్టేసింది.

తర్వాత ఆమె చెప్పినదంతా వింది. శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకి ఇద్దరూ సముద్రపు ఒడ్డున ఓ హోటల్ బయట కూర్చుని, రొయ్యలూ పీతలూ వేసి పలచగా వండిన అన్నం తింటున్నారు. ముప్పై ఏళ్లలో వాళ్ల మొదటి సెలవు అది. రోడ్డు మీద గుడ్ ఫ్రైడే ఊరేగింపు వెళుతోంది. నోయెమీ రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంది. ఫిదెన్సియో చెంచా నోటిదాకా వెళ్లి ఆగింది. లేచి జనంలోకి వెళ్లాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, అన్నం చల్లారిపోయింది అన్నాడు. రేపు పదిన్నరకి ఒకతనితో కాఫీ తాగాలి అన్నాడు. చోటు కూడా ఫిదెన్సియోనే ఎంచుకున్నాడు. లా బోయాలో కాఫీ తాగకుండా వెనక్కి వెళ్తే పుయెబ్లాలో పరువు పోతుందని పక్కింటివాళ్లు చెప్పి పంపారట.

"మీవారు ఏం పని చేసేవారు?"

"మా ఊళ్లో జైలు గుమాస్తా. కొత్తగా వచ్చినవాళ్ల వేలిముద్రలు తీసేవారు. ఒకసారి వేళ్లు పట్టుకుంటే ఆ మనిషిని మర్చిపోనని గొప్పలు పోయేవారు." ఆమె శాలువా సర్దుకుంది. "ఎవరండీ అంటే పేరు చెప్పలేదు. అప్పుడు వాడికి వేరే పేరుండేది అన్నారు. పద్దెనిమిదేళ్లయింది, తప్పించుకుపోయి చచ్చాడనుకున్నాం అన్నారు. పోలీసులకి చెప్పచ్చుగా అన్నాను. ముందు వాణ్ని అడిగి చూస్తానన్నారు. మనిషి మారి ఉండచ్చు కదా నోయెమీ అన్నారు. ఆయనంతే. ముందు అడక్కుండా ఎవరి మీదా నింద వెయ్యరు."

ఇదంతా కమాండర్‌కి చెప్పారా అని అడిగింది ఆంపారో.

"రెండుసార్లు చెప్పాను. రాసుకున్నాడు. పాలవాడు పోసి చంపాడని కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. నా మొగుణ్ని చంపినవాడి పేరు నేను రాయాలి గానీ నువ్వు రాసిచ్చింది కాదన్నాను. ఇంకా పూల గౌనులోనే ఉన్నావు, నీకంత పట్టింపు ఉందా అన్నాడు."

రిపోర్టులో రెండో గ్లాసు లేదు. చెంచా చప్పుడు లేదు. శుక్రవారం ఊరేగింపులో కనబడ్డ మనిషి లేడు. ఈ మూడు సంగతులూ చెప్పింది ముగ్గురు. విన్నవాడు ఒక్కడే. ఆంపారో పెన్ను మూత పెట్టింది. అర్మెందారిస్ ఎవరినో కాపాడుతున్నాడని అంతదాకా అనుకుంది. ఇప్పుడు ఆ 'ఎవరో' అన్న మాట దగ్గర ఆలోచన ఆగింది.

పదీ నలభై ఎనిమిదికి అతనే వచ్చాడు. వెనక దళం వాళ్లు నలుగురు. ఇద్దరు వసారా ఈ చివర, ఇద్దరు ఆ చివర నిలబడ్డారు. అర్మెందారిస్‌కి నలభై అయిదేళ్లు. రెండేళ్ల కిందట ఉత్తరాదినుంచి, చివావా నుంచి బదిలీ మీద వచ్చాడు. ఈ తేమ గాలినీ రేవువాళ్ల నత్త నడకనీ రోజుకోసారి తిట్టుకుంటాడు. ఏ కఫేలోనూ కూర్చోడు. కాఫీ ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు.

అతను ముందు పాల కౌంటర్ వైపు చూశాడు. అక్కడ తేయో నిలబడి ఉన్నాడు, సంకెళ్లు లేకుండా. పక్కన బాల్దేరాస్.

"ఎవరు విప్పారు?"

"నేను" అంది ఆంపారో. "శనివారం ఎలా పోశాడో చూపించమన్నాను. సంకెళ్లతో పోస్తే కాళ్ల మీద పడతాయి."

"ఇన్‌స్పెక్టర్ ఉత్రేరా, పదకొండున్నరకి జడ్జి ముందు ఉండాల్సిన ఖైదీని మీరు కాఫీ కొట్టుకి తీసుకొచ్చారు. దీనికి మీ ఉద్యోగం చాలదు."

"ఇంకా నలభై నిమిషాలున్నాయి. కూర్చోండి. నిలబడి బెదిరిస్తే వెనక బల్లల వాళ్లకి వినపడదు."

చీట్లపేక ముసలాళ్లలో ఎవరో నవ్వారు. అర్మెందారిస్ కూర్చున్నాడు. నోయెమీ లేచి, అతనికి దూరంగా ఇంకో కుర్చీలోకి మారింది. ఆంపారో మకారియోకి సైగ చేసింది. కమాండర్ ముందు గ్లాసు, గ్లాసులో డికాషన్, పక్కన చుట్టిన చెంచా.

"నాకొద్దు. మావైపు కాఫీ అంటే కప్పులో పోసుకుని నోరు మూసుకుని తాగుతాం. మీకు అదో తంతు."

"తాగకండి. ముందుంటే నష్టం లేదు. ఒక్క ప్రశ్న. శనివారం పదీ నలభై నాలుగుకి దళానికి ఫోను వచ్చింది. పదీ యాభై అయిదుకి మీరు ఇక్కడ ఉన్నారు. అప్పుడు ఎక్కడనుంచి వచ్చారు?"

"రిపోర్టులో ఉంది. బోకా దెల్ రియో చెక్‌పోస్ట్ నుంచి."

"పదకొండు నిమిషాల్లో. ఈస్టర్ శనివారం, బీచ్ రోడ్డు మీద. అదే దారిలో మా అంబులెన్సుకి యాభై పట్టింది."

"సైరన్ ఉంది."

"అంబులెన్సుకీ ఉంటుంది కమాండర్ గారూ."

అతని ఫోన్ మోగింది. కోర్టు గుమాస్తా. ఎడమ చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని కుర్చీలో పక్కకి తిరిగాడు. ఖైదీ దారిలో ఉన్నాడని, పత్రాలు సిద్ధమని, ఓ ఇన్‌స్పెక్టర్ గారి అతి తెలివి వల్ల ఆలస్యమని చెప్పాడు. అవతలివాడు ఏదో అడ్డు చెప్పినట్టున్నాడు. అర్మెందారిస్ గొంతు పెరిగింది. కుడి చెయ్యి నేప్కిన్ విప్పింది. చెంచా తీసింది. అతను చూస్తున్నది వీధి వైపు.

టింగ్ టింగ్.

టింగ్.

ఆంపారో కదల్లేదు. కౌంటర్ దగ్గర తేయో తల ఎత్తలేదు కూడా. ముప్పై ఎనిమిదేళ్లుగా చేసినట్టే చేశాడు. పొయ్యి మీది కెటిల్ తీసుకుని, బల్లల మధ్యనుంచి పక్కకి ఒరుగుతూ వచ్చి, గ్లాసునే చూస్తూ చెయ్యి పైకెత్తాడు. పాలధార పడింది. గ్లాసు సగం నిండింది.

అక్కడ ధార ఆగింది.

అర్మెందారిస్ గ్లాసు చూశాడు. చేతిలో చెంచా చూశాడు. ఫోన్‌లో గుమాస్తా ఇంకా మాట్లాడుతున్నాడు.

ముప్పై ఎనిమిదేళ్లలో తేయో మొదటిసారి పోస్తూ మొహం చూశాడు.

"లీనో" అన్నాడు. "రేవులో పూడిక తీసే డ్రెడ్జర్ మీద పనిచేసే సిక్స్తో కొడుకు లీనోవి. మీ అయ్య కూడా ఇలాగే రెండు కొట్టి, ఊపిరి పీల్చి, ఒకటి కొట్టేవాడు. నీకు ఏడేళ్లప్పుడు నీ మొదటి గ్లాసులో పాలు పోసింది నేనే నాయనా. ముక్కు మార్పించుకున్నావు. చెయ్యి మార్పించుకోలేదు."

"ఈ ముసలాడికి మతి పోయింది" అన్నాడు అర్మెందారిస్. "ఈ రేవులో సగం మంది ఇలాగే కొడతారు."

"రేవులో" అంది ఆంపారో. "చివావాలో కాదు."

అతను చెంచాని బల్ల మీద పెట్టాడు. ఫోన్‌ని మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. గొంతులో తొందర లేదు.

"రాసుకోండి" అన్నాడు గుమాస్తాతో. "సమయం పదకొండూ రెండు. ఇన్‌స్పెక్టర్ ఉత్రేరా అనుమతి లేకుండా ఖైదీకి సంకెళ్లు విప్పి బయటికి తెచ్చింది. ఖైదీ పారిపోతున్నాడు. ఆపడానికి ప్రయత్నిస్తున్నాం."

ఫోన్ కట్టేసి జేబులో వేసుకున్నాడు. కుడి చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. వసారా రెండు చివర్లా ఉన్న నలుగురూ అతని చేతి వైపే చూస్తున్నారు. సంకెళ్లు విప్పింది తనేనని, రిజిస్టర్లో చదవగలిగేట్టు రాయించింది కూడా తనేనని ఆంపారోకి గుర్తొచ్చింది. ఈ దారి అతనికి తనే తెరిచింది.

ఆమె తుపాకీ తియ్యలేదు. తీస్తే అయిదుగురికి ఒకతె, మధ్యలో అరవై బల్లల పిల్లాజెల్లా. లేచి తేయోకీ కమాండర్‌కీ మధ్య నిలబడింది. బల్ల మీద కాగితపు నేప్కిన్ తీసి, అర్మెందారిస్ పట్టుకున్న చెంచాని దాంతోనే అంచున పట్టి, చుట్టి, జేబులో వేసుకుంది. బల్ల అటు చివర నోయెమీ చక్కెర కలిపిన చెంచా ఉంది. అది అందుకుంది. దాంతో ఆంపారో నోయెమీ గ్లాసు మీద ఒక్కటే దెబ్బ కొట్టింది, గట్టిగా.

వసారాలో తలలు ఇటు తిరిగాయి.

చీట్లపేక బల్ల నుంచి ఓ ముసలాయన చెంచా విప్పాడు. తేయో చేతిలోని కెటిల్ వైపు చూశాడు. మూడు కొట్టాడు. క్రేన్ల వాళ్లలో ఒకడు రెండు కొట్టాడు. కస్టమ్స్ గుమాస్తాలు, వాళ్ల వెనక బల్ల, దాని వెనక బల్ల. రెండ్రోజులుగా పాలు పిలవని గ్లాసులన్నీ మోగుతున్నాయి. ఎవరి చప్పుడు వాళ్లది. సంగతేమిటో తెలియని సెలవుల జనం కూడా, పిల్లలతో సహా, చెంచాలు అందుకున్నారు. అందరి కళ్లూ ఒక్క మనిషి మీద ఉన్నాయి. చాలామంది ఫోన్లు కూడా ఎత్తి పట్టుకున్నారు.

"వెళ్లండి డాన్ తేయో" అంది ఆంపారో, వెనక్కి తిరక్కుండా. "పిలుస్తున్నారు."

తేయో కెటిల్ సర్దుకున్నాడు.

"నేనెక్కడికీ పోవడం లేదు లీనో" అన్నాడు. "డ్యూటీలో ఉన్నాను. ఎవరన్నా అడిగితే చెప్పు."

ముందు చీట్లపేక బల్ల దగ్గర ఆగాడు. చెయ్యి ఎత్తి పోశాడు. పక్క బల్లకి వెళ్లాడు. అర్మెందారిస్ చెయ్యి నడుం దగ్గరే ఉంది. వసారా ఆ చివర ఉన్న ఇద్దరిలో ఒకడు తన తుపాకీ మీదినుంచి చెయ్యి తీసేశాడు. ఇంకొకడు తియ్యలేదు. ఈ చివర వాళ్లూ తియ్యలేదు.

"జడ్జి దగ్గరికి దారి ఆరు వీధులు" అన్నాడు అర్మెందారిస్, ఆమెకు మాత్రమే వినపడేట్టు. "ఈ గ్లాసులు మీ వెంట రావు."

"రావు. చెంచా వస్తుంది" అంది ఆంపారో. "ఫిదెన్సియో గారు పద్దెనిమిదేళ్ల కిందట లీనో వేళ్లు పట్టుకుని ముద్రలు తీశారు. ఆ కాగితం పుయెబ్లాలో ఉంది. దాని జత ఇప్పుడు నా జేబులో ఉంది. కావాలంటే ఇక్కడే, వీళ్లందరి ముందే తీసుకోండి."

నోయెమీ బర్రగాన్ లేచి వచ్చి ఆంపారో పక్కన నిలబడింది. శాలువా తీసి కుర్చీ మీద వేసింది. పూల గౌనులో, చేతులు కట్టుకుని, కమాండర్ మొహంలోకి చూస్తూ నిలబడింది.

గోడ గడియారంలో పదకొండూ ఆరు. జడ్జి గదికి ఆరు వీధులు, ఇరవై నాలుగు నిమిషాలు. గ్లాసులు ఇంకా మోగుతున్నాయి. అర్మెందారిస్ చెయ్యి ఇంకా నడుం మీదే ఉంది.

"బాల్దేరాస్" అంది ఆంపారో. "రిజిస్టర్ తీసి ఇంకో పేరు రాయి. లీనో, సిక్స్తో కొడుకు. చదవగలిగేట్టు రాయి."